జుట్టు కబుర్లు: పసుపు జుట్టు మీద నేరుగా నలుపు వేయకండి

ఈసారి విశాఖ నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే గోల. నిరుడు సరదాగా బ్లీచ్ చేయించుకున్నవాళ్లంతా ఇప్పుడు మళ్లీ నల్లజుట్టు కావాలంటున్నారు, అదీ ఇంట్లోనే, అదీ ఒక్క ఆదివారంలో అయిపోవాలట. అందుకే ఈ వారం వేరే ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మాది మద్దిలపాలెం. కిందటేడు జుట్టంతా బ్లీచ్ చేయించుకుని లేత బూడిద రంగు వేయించుకున్నాను. ఆ బూడిద రంగు కొన్నాళ్లకే పోయి ఇప్పుడు మొక్కజొన్న పీచు రంగులో మిగిలింది, కుదుళ్ల దగ్గర మాత్రం నాలుగు వేళ్ల మేర నల్లగా పెరిగింది. మార్గశిరంలో అన్నయ్య పెళ్లి. "పెళ్లింట్లో ఈ జుట్టేటే, మనోళ్లు ఏమనుకుంటారు" అని అమ్మ రోజూ ఒకటే నస. పార్లర్‌లో చెప్పిన రేటు వింటే కళ్లు తిరిగాయి. పూర్ణా మార్కెట్‌లో నేచురల్ బ్లాక్ డబ్బా ఒకటి కొన్నాను. వేసేసుకోవచ్చా?

జవాబు: ఇంట్లో వేసుకోవచ్చు అమ్మాయ్, ఆ డబ్బాతో మాత్రం కాదు. సీలు విప్పకపోతే షాపువాడిని బతిమాలి మార్చుకో.

ఎందుకంటే, నల్లజుట్టులో ఉండేది నలుపు ఒక్కటే కాదు. బ్లీచ్ వేసిన రోజు అద్దంలో చూసే ఉంటావు, నలుపు ఒక్కసారిగా పసుపు అయిపోదు. ముందు ఎర్రబారుతుంది, తర్వాత నారింజ, తర్వాత పసుపు, ఇంకా ఉంచితే లేత పసుపు. అంటే ముదురు జుట్టుకి అడుగున ఉండాల్సిన ఎరుపు, నారింజ రెండూ నీ జుట్టులోంచి వెళ్లిపోయాయి. మిగిలింది ఉత్త పసుపు. దాని మీద ముదురు గోధుమ రంగు, అందులోనూ బూడిద ఛాయ ఉన్నది నేరుగా వేస్తే, ఆ రంగులోని నీలమూ నీ జుట్టులోని పసుపూ కలిసి బురద పట్టిన ఆకుపచ్చ తేలుతుంది. నలుపు వేస్తే ఆ రోజుకి నల్లగానే కనిపిస్తుంది కానీ మెరుపు ఉండదు, విగ్గు పెట్టుకున్నట్టుంటుంది, కొన్ని తలస్నానాలకి వెలిసి అదే ఆకుపచ్చ బయటికొస్తుంది. పైగా పెళ్లయ్యాక నలుపు నచ్చలేదనుకో, రంగు మీద లేత రంగు వేస్తే పని చేయదు, దాన్ని తీయాలంటే మళ్లీ బ్లీచే గతి.

కాబట్టి పోయిన ఎరుపుని ముందు తిరిగి పెట్టాలి. పార్లర్లలో దీన్నే ఫిల్లర్ వేయడం అంటారు. నీకు చెప్పిన రేటు ఎక్కువ ఉండటానికి ఇదీ ఒక కారణం అయ్యుంటుంది, వాళ్లు ఒక రంగు కాదు, రెండు రంగులు వేయాలి.

డబ్బా మీద బొమ్మనీ పేరునీ నమ్మకు, నంబర్ చూడు. చుక్కకి ముందున్న అంకె రంగు ఎంత ముదురో చెబుతుంది. 1 నలుపు, 3 ముదురు గోధుమ, 5 లేత గోధుమ, అక్కడి నుంచి పైకి పోయేకొద్దీ లేతబడుతూ 10కి వచ్చేసరికి బాగా లేత బంగారు రంగు. నువ్వు చెప్పినదాన్ని బట్టి నీ జుట్టు 8, 9 మధ్య ఉంటుంది. చుక్క తర్వాతి అంకె ఛాయ, చాలా కంపెనీల్లో 1 అంటే బూడిద, 3 బంగారు, 4 రాగి. అందరూ ఒకే లెక్క పాటించరు కాబట్టి డబ్బా వెనక చదువుకో. నీకు కావాల్సినవి రెండు: ముందు వేయడానికి 6.34 లేదా 6.4 లాంటి రాగి ఛాయ, దాని మీద వేయడానికి 4, అంటే చుక్క తర్వాత ఏమీ లేని మామూలు గోధుమ రంగు. "నాకు నలుపు కావాలి, 4 ఏంటి" అంటావేమో. బ్లీచ్ చేసిన జుట్టు పైపొర లేచిపోయి ఉంటుంది, రంగుని గబగబా పీల్చేస్తుంది, డబ్బా మీద కనిపించేదానికంటే ఒక మెట్టు ముదురుగా వస్తుంది. 4 వేస్తే 3లా తేలుతుంది, మన జుట్టు ఎండలో చూస్తే చాలామందికి ఉండేది ఆ రంగే. చాలకపోతే తర్వాత ఇంకో మెట్టు దిగొచ్చు, ఎక్కువైతే పైకి రావడమే కష్టం.

దొరికితే అమ్మోనియా లేని డెమీ పర్మనెంట్ రకం, అంటే కొన్ని వారాలకి మెల్లగా వెలిసిపోయేది తీసుకో. అందులో కలిపే ద్రవాన్ని డెవలపర్ అంటారు, అది 10 వాల్యూమ్ చాలు, అంటే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. 20 అంటే 6 శాతం, 30 అంటే 9, 40 అంటే 12, ఇవన్నీ జుట్టుని ఇంకా లేతగా చేయడానికి, నీకు వాటితో పనిలేదు. డబ్బాతో పాటు వచ్చే డెవలపర్ సాధారణంగా 20 ఉంటుంది, అది నీ నల్లటి కుదుళ్లకి తగిలితే అక్కడ ఎర్రబారుతుంది. అందుకే కొత్తగా పెరిగిన నల్లజుట్టు జోలికి పోవద్దు, రంగు మొత్తం పసుపు భాగానికే.

ఆ రోజు కంటే ముందు చేయాల్సినవి మూడు. ఒకటి, 48 గంటల ముందు చర్మం మీద ప్యాచ్ టెస్ట్, దాని గురించి కింద ఇంకో ఉత్తరానికి వివరంగా రాశాను. రెండు, తలస్నానం అయ్యాక తడిగా ఉన్న వెంట్రుక ఒకటి తీసుకుని మెల్లగా లాగి చూడు. కొంచెం సాగి వెనక్కి వస్తే పర్లేదు. సాగి అలాగే ఉండిపోయినా, పుటుక్కున తెగినా రంగు సంగతి తర్వాత, ముందు చివర్లు కత్తిరించి కొన్ని వారాలు జుట్టుని వదిలెయ్. మూడు, మెడ వెనక లోపలి వైపు సన్నటి పాయ ఒకటి తీసి దానికి రాగి, దాని మీద గోధుమ, రెండూ వేసి ఆరాక బాల్కనీలోకి వెళ్లి పగటి వెలుగులో చూడు. ట్యూబ్‌లైట్ కింద అన్ని రంగులూ బాగానే ఉంటాయి. ఈ పాయ పరీక్ష బద్ధకించినవాళ్లే నాకు రెండోసారి ఉత్తరం రాస్తారు.

ఇక అసలు పని. పాత నైటీ వేసుకో, నుదురు, చెవులు, మెడ చుట్టూ వ్యాజిలీన్ రాసుకో, చేతులకి గ్లౌజులు. ప్లాస్టిక్ లేదా గాజు గిన్నె వాడు. జుట్టు నాలుగు భాగాలు చేసి క్లిప్పులు పెట్టుకో. రాగి రంగుని నలుపు ముగిసే చోటు నుంచి కిందికి వేసి, ప్యాకెట్‌లో చెప్పిన టైము ఉంచి, షాంపూ లేకుండా నీళ్లతో కడిగి తువ్వాలుతో నీళ్లు పిండెయ్. అద్దంలో చూసుకుంటే గుండె జారుతుంది, తల మొత్తం నారింజ రంగులో ఉంటుంది. భయపడకు, మనకి కావాల్సింది అదే. ఇప్పుడు ఆ తడి మీదే గోధుమ రంగు. ఇది వేసేటప్పుడు మధ్య భాగం ముందు, చివర్లు ఆఖరున, ఎందుకంటే బాగా పాడైనవి చివర్లే కాబట్టి అవే ముందు నల్లబడతాయి. ఐదేసి నిమిషాలకి ఒక పాయని టిష్యూతో తుడిచి చూస్తూ ఉండు, కావాల్సిన రంగు వచ్చిందనిపిస్తే టైము మిగిలినా కడిగెయ్.

మన వైజాగ్ ఉక్కపోతలో ఇంకో తంటా ఉంది. చెమటకి రంగు మెడ మీదికి కారుతుంది, అలాగని ఫ్యాన్ కింద కూర్చుంటే రంగు జుట్టు మీదే ఎండిపోతుంది, ఎండిన రంగు పని చేయదు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టు, రంగు వేశాక తలకి ప్లాస్టిక్ కవర్ చుట్టుకో. వెనక వైపు వేయడానికి ఎవరినైనా పిలువు, అమ్మనే పిలువు, నస పెట్టినందుకు ఆ మాత్రం పని చెప్పొచ్చు. నడుము దాటిన జడైతే ఒక్క డబ్బా సరిపోదు, రెండు మూడు తెచ్చుకో, సగం తలకి అయిపోతే ఆ టెన్షన్ ఎవరూ పడలేరు. పెళ్లికి ముందు రోజు పెట్టుకోకు, రెండు మూడు వారాల ముందే కానిచ్చెయ్, తేడా వస్తే సరిదిద్దుకోవడానికి టైముంటుంది.

ప్రశ్న: నేను గాజువాకలో ఉంటాను. లేత బంగారు రంగు హైలైట్స్ మీద ఆన్‌లైన్‌లో తెప్పించిన 5.1 వేసుకున్నాను. ఇంట్లో బాగానే ఉంది, స్కూటీ మీద బయటికెళ్తే మా ఫ్రెండ్ "నీ జుట్టు ఆకుపచ్చగా ఉందేంటే" అంది. మళ్లీ నలుపు వేసేయనా? టమాటా కెచప్ రాస్తే పోతుందని ఒక వీడియోలో చూశాను.

జవాబు: కెచప్ సమోసాలోకి వాడుకో. నువ్వు వేసుకున్న 5.1లో ఆ చుక్క తర్వాతి 1 బూడిద ఛాయ, పైన ఉత్తరంలో చెప్పిన కథే నీకు జరిగింది. దీని మీద నలుపు వేస్తే ఆకుపచ్చ కిందే దాక్కుంటుంది, వెలిశాక మళ్లీ వస్తుంది. ఆకుపచ్చని చంపేది ఎరుపు. డెవలపర్ అక్కర్లేని రాగి రంగు హెయిర్ మాస్క్‌లు, రంగు కండిషనర్లు దొరుకుతాయి. దాన్ని తెల్లటి మామూలు కండిషనర్‌లో కలిపి పల్చబరిచి, ఆకుపచ్చ ఉన్న పాయలకే రాసి, రెండు మూడు నిమిషాలకోసారి తుడిచి చూడు. ఆకుపచ్చ గోధుమ అయిన క్షణంలో కడిగెయ్, "ఇంకాసేపు ఉంచితే ఇంకా బాగుంటుంది" అనుకుంటే ఎర్రగా తేలుతుంది.

ఒక్క అనుమానం, నువ్వు స్విమ్మింగ్ పూల్‌కి వెళ్తావా? రంగు వేసిన రోజే ఆకుపచ్చ వస్తే అది రంగు దోషం. ఈతకి వెళ్లగా వెళ్లగా మెల్లగా వస్తే అది పూల్ నీళ్లలోని రాగి లోహం జుట్టుకి పట్టడం వల్ల. దానికి మందు వేరే, లోహాల్ని లాగేసే కీలేటింగ్ షాంపూతో కడగాలి, రంగు తర్వాత.

ప్రశ్న: ఉక్కునగరం నుంచి రాస్తున్నాను. ఇంజినీరింగ్ ఫైనలియర్, ముందు జుట్టు మాత్రం బ్లీచ్ చేయించాను. క్యాంపస్ ఇంటర్వ్యూలున్నాయి. ఇంట్లో ఏ రంగు వేసుకోమంటారు?

జవాబు: ఏ రంగూ వద్దు తమ్ముడూ, మంగలి షాపుకెళ్లు. జుట్టు నెలకి సుమారు సెంటీమీటరు పెరుగుతుంది, నీకు ఈపాటికి కింద రెండు మూడు సెంటీమీటర్ల నలుపు వచ్చే ఉంటుంది, పైన ఉన్న పసుపు కత్తిరించేస్తే సరి. ఇంటర్వ్యూ ఎల్లుండే, జుట్టు ఇంకా పెరగలేదు అంటే మాత్రం పైన మద్దిలపాలెం అమ్మాయికి చెప్పిందే నీకూ వర్తిస్తుంది.

ప్రశ్న: మాది సీతమ్మధార. మా అమ్మాయి జుట్టు బ్లీచ్ చేసి పాడు చేసుకుంది. ఇంకా కెమికల్స్ ఎందుకు, గోరింటాకు పెడితే నల్లబడుతుంది కదా అని నేనంటాను. అది వినదు. ఎవరు కరెక్టు? మా ఆడపడుచేమో టీ డికాషన్‌తో రోజూ కడగమంటోంది, అదీ చెప్పండి.

జవాబు: ఇద్దరూ సగం సగం అమ్మా. ఉత్త గోరింటాకు జుట్టుని నల్లబరచదు, దానిలోని లాసోన్ అనే రంగు ఎర్రటి నారింజ. మీ నెరిసిన జుట్టు మీద ఎలా పడుతుందో మీకు తెలుసు, బ్లీచ్ చేసిన జుట్టు మీద ఇంకా కొట్టొచ్చినట్టు పడుతుంది. కానీ విచిత్రం ఏంటంటే, పార్లర్‌వాళ్లు ఫిల్లర్ పేరుతో పెట్టే ఎరుపు ఇదే కదా. గోరింటాకు పెట్టి కడిగి, దాని మీద నీలి ఆకు పొడి, షాపుల్లో ఇండిగో అంటారు, అది పెడితే గోధుమ నుంచి నలుపు దాకా వస్తుంది. నీలి పొడిని మామూలు నీళ్లతో కలిపి పది పదిహేను నిమిషాలు ఆగి వెంటనే వాడాలి, రాత్రంతా నానబెడితే పాడైపోతుంది. పెట్టిన రోజు రంగు చూసి దిగులు పడొద్దు, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. గోరింటాకు మానేసి నీలి పొడి ఒక్కటే పసుపు జుట్టుకి పెడితే మాత్రం నీలం, ఆకుపచ్చ కలిసి నెమలికంఠం రంగు వస్తుంది.

అసలు జాగ్రత్త ప్యాకెట్ దగ్గర. "నల్ల మెహందీ", "బ్లాక్ హెన్నా" అని అమ్మేవాటిలో ఆకు పేరుకే ఉండి, నల్లబరిచేది పీపీడీ అనే అలర్జీ తెచ్చే రసాయనం కావచ్చు. కొన్నిట్లో లోహ లవణాలు కలుపుతారు, వాటి మీద తర్వాత ఎప్పుడైనా పెరాక్సైడ్ ఉన్న రంగో బ్లీచో పడితే జుట్టు వేడెక్కి పొగలొచ్చి తెగిపోయే ప్రమాదం ఉంది. వెనక పదార్థాల పట్టీలో ఆకు పొడి తప్ప ఇంకేమీ లేనిదే కొనండి. అమ్మాయికి ఇంకో మాట కూడా చెప్పండి, నీలి రంగు ఒకసారి ఎక్కితే మళ్లీ లేత రంగు కావాలనుకున్నా అంత తేలిగ్గా దిగదు, బ్లీచ్ చేస్తే ఆకుపచ్చ తేలుతుంది. మళ్లీ మనసు మారే పిల్లయితే ఈ దారి వద్దు. ఇక టీ డికాషన్‌తో రోజూ కడగమని మీ ఆడపడుచు చెప్పిందన్నారు, అది ఒక తలస్నానానికి పోయే మరక, నష్టం లేదు, లాభమూ లేదు.

ప్రశ్న: అక్కయ్యపాలెం. ఎన్నో ఏళ్లుగా అదే కంపెనీ డై వేసుకుంటున్నాను, ఎప్పుడూ ఏమీ కాలేదు. ఈసారి వేసుకున్న మర్నాడు చెవుల వెనక దురద, పొక్కులు, కనురెప్పలు ఉబ్బాయి. కంపెనీ మారిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఇది అలర్జీ లాగానే ఉంది, దీనికి ఎక్కువసార్లు కారణమయ్యేది ముదురు రంగుల్లో ఉండే పీపీడీ. ఏళ్ల తరబడి పడినవాళ్లకి కూడా ఒకరోజు పడకుండా పోతుంది, ఒకసారి పడకపోతే మళ్లీ వాడిన ప్రతిసారీ ముందుకంటే తీవ్రంగా రావచ్చు. "పీపీడీ లేదు" అని రాసిన డబ్బాల్లో దానికి దగ్గరి చుట్టమైన వేరే రసాయనం ఉండొచ్చు, పీపీడీ పడనివాళ్లలో చాలామందికి అదీ పడదు. తలని మామూలు నీళ్లతో బాగా కడుక్కుని చర్మ వైద్యుల్ని కలవండి, మన ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో చర్మ విభాగం ఉంది. వాడిన డబ్బా వెంట తీసుకెళ్లండి, అందులో ఏముందో వాళ్లకి తెలియాలి. ముఖం ఉబ్బిపోయి ఊపిరాడకపోతే మాత్రం ఓపీ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి.

మిగతావాళ్లకి ప్యాచ్ టెస్ట్ ఎలాగంటే, డబ్బా లోపలి కాగితంలో చెప్పినట్టు కొంచెం రంగు మోచేతి మడత లోపలో చెవి వెనకో రాసి 48 గంటలు గమనించాలి. ఎర్రబడినా, దురద పెట్టినా, పొంగినా ఆ డబ్బా మీకు కాదు. కొత్త డబ్బా కొన్న ప్రతిసారీ చేయాలి, పాత కంపెనీయే అయినా సరే. చిన్నప్పుడు జాతరలో నల్ల మెహందీ టాటూ వేయించుకుని పొక్కులొచ్చినవాళ్లు అసలు ముట్టుకోవద్దు. మాడు మీద పుండ్లున్నప్పుడు రంగు వద్దు. కనుబొమలకి, రెప్పలకి తల రంగు ఎప్పుడూ వద్దు, చూపు పోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: భీమిలి నుంచి రోజూ బీచ్ రోడ్డు మీద స్కూటీలో సిటీకి వస్తాను, ఆదివారాలు రుషికొండలో సముద్ర స్నానం. బ్లీచ్ జుట్టు మీద ముదురు గోధుమ వేసుకుంటే నెల తిరక్కుండా ఎర్రబడిపోతోంది. ఎన్నిసార్లని వేయను?

జవాబు: బ్లీచ్ జుట్టు రంగుని ఎంత తొందరగా పీలుస్తుందో అంత తొందరగా వదిలేస్తుంది. దానికి తోడు ఎండ, ఉప్పునీళ్లు, వారానికి నాలుగైదు తలస్నానాలు. స్కూటీ మీద ముఖానికి చున్నీ ఎలాగూ కట్టుకుంటావు, జడ కూడా దాని లోపలికి తోసెయ్, హెల్మెట్ కింద వేలాడే ఆ జానెడు చివరే ముందు వెలిసేది. సముద్రంలో దిగే ముందు మంచినీళ్లతో జుట్టు తడిపి కొబ్బరినూనో కండిషనరో రాసుకో, ముందే తడిసిన జుట్టు ఉప్పునీళ్లని తక్కువ పీలుస్తుంది. బయటికి రాగానే మంచినీళ్లు పోసుకో. ఇంట్లో బోరు నీళ్లయితే కనీసం ఆఖరి చెంబులు కుళాయి నీళ్లు వాడు. రంగు వేశాక రెండు మూడు రోజులు తలకి షాంపూ వద్దు, ఆ తర్వాత కూడా సల్ఫేట్ లేనిది, వేణ్నీళ్లు కాకుండా చల్లనీళ్లు.

వెలిసిన ప్రతిసారీ తల మొత్తం పర్మనెంట్ రంగు వేస్తూ పోతే చివర్లు బొగ్గులా, పైన ఎర్రగా చారలు చారలుగా తయారవుతుంది. వెలిసిన చోట మాత్రం డెమీ పర్మనెంట్ వేసుకో, అదీ చెప్పిన టైములో సగం ఉంచి చూడు. రెండు మూడు నెలలకోసారి చివర్లు కత్తిరించు. పాడైన జుట్టు మళ్లీ బాగుపడదు, కింద నుంచి కత్తిరిస్తూ పై నుంచి పెరిగేదాని కోసం చూడాల్సిందే, ఈలోపు ఎన్ని సీరమ్‌లు రాసినా అది పైపూతే.

ప్రశ్న: కలిపిన రంగు సగం మిగిలింది. సీసాలో పోసి మూత పెట్టి ఫ్రిజ్‌లో దాచుకోవచ్చా? (పెందుర్తి)

జవాబు: వద్దు. కలిపిన కాసేపటికే దాని పని అయిపోతుంది, మర్నాడు వేసుకున్నా పట్టదు. పైగా లోపల వాయువు పుడుతూనే ఉంటుంది, మూత బిగిస్తే సీసా పగిలి ఫ్రిజ్ అంతా రంగవుతుంది. మిగిలింది పారబోసి గిన్నె కడిగెయ్. కలపని ట్యూబు, డెవలపర్ మిగిలితే విడివిడిగా మూత పెట్టి, డబ్బా మీద చెప్పినన్నాళ్లు ఉంచుకోవచ్చు, పిల్లలకి అందని అటక మీద. ఇది కడుపులోకి వెళ్తే గొంతు వాచి ఊపిరాడదు, కిడ్నీలు దెబ్బతింటాయి, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టే వస్తువు కాదు.